రెండు గంటలు ఉండగలిగే హాలు

హాలు లోపలి గోడ మీద నా ఛాతీ ఎత్తున ఒక మట్టి గీత ఉంది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు విజయవాడ మీద పడి అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు మిగిలిన గీత అది. రంగులేసేవాళ్లు దాన్ని కప్పేయబోతుంటే కాలనీ కమిటీ అధ్యక్షుడు గారు ఆపారు. “ఉండనివ్వండి. ఇక్కడ మళ్లీ ఏం కట్టినా దాన్ని చూసే కట్టాలి” అన్నారు.

నన్ను పిలిచింది ఆయనే. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లు, సెరిబ్రల్ పాల్సీ (పసితనంలోనే మెదడు దెబ్బతిని ఒళ్లు స్వాధీనంలో లేకపోవడం) ఉన్న పిల్లలు తమ పనులు తాము చేసుకోగలిగేలా ఒంటినీ ఇంటినీ ఒకదానికొకటి సర్దడం నా వృత్తి. “అమ్మా, ఎలాగూ హాలు బాగుచేయిస్తున్నాం. పనిలో పనిగా ఒక ర్యాంపు గీసిచ్చి వెళ్లండి” అన్నారాయన. ఒక సాయంత్రం పని అనుకుని వెళ్లాను. తొమ్మిది నెలలు పట్టింది. ఇలాంటి పనిలోకి దిగే తోటి థెరపిస్టులకు, ఇంజినీర్లకు, కాలనీ కమిటీలకు ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కాలనీ పేరూ మనుషుల పేర్లూ రాయడం లేదు.

అక్షింతలు వేసి వచ్చేశాం

గీత గీయడానికి ముందు ఆ హాలు ఎవరికి కావాలో వాళ్లతో కూర్చోవాలన్నాను. ఎవరెవరున్నారో కమిటీకి తెలియదు. నెల మొదటి తారీఖున పింఛను ఇవ్వడానికి ఇల్లిల్లూ తిరిగే వార్డు సచివాలయం వాళ్ల చేత కబురు పెట్టించాం. అయితే వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ లేనివాళ్లు ఆ లెక్కలోకి రారు. మోకాళ్లు అరిగిన ముసలమ్మలు, ఏమైందో ఇంకా ఎవరూ తేల్చి చెప్పని పిల్లలు అలాగే మిగిలిపోతారు. అందుకని మందుల షాపులోనూ ఆటో స్టాండులోనూ కూడా చెప్పి ఉంచాం.

హాలుకి రెండు మెట్లున్నాయి కాబట్టి మొదటి సమావేశం గేటు బయట వేపచెట్టు కింద పెట్టుకున్నాం. ఏడు ఇళ్ల వాళ్లు వచ్చారు. పోలియో వచ్చి క్యాలిపర్‌తో (కాలికి ఆసరాగా పట్టీలతో బిగించే కడ్డీల చట్రం) నడిచే టైలరమ్మ, మూడు చక్రాల బండి మీద ఆమె భర్త. పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయిన రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ గారు. చూపు లేని డిగ్రీ కుర్రాడు. వినపడని దంపతులు, వాళ్ల మాటలు మాకు చెప్పడానికి పదేళ్ల కూతురు. ఆటిజం ఉన్న ఆరేళ్ల బాబుతో ఒక తల్లి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పదహారేళ్ల అమ్మాయితో ఇంకో తల్లి. చేతికర్రతో ఒక మామ్మగారు.

‘మీకేం కావాలి’ అని అడిగితే జనం ‘ర్యాంపు’ అంటారు. మిగతావి అడగవచ్చని వాళ్లకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. అందుకే వేరే ప్రశ్న అడిగాను: “పోయినసారి ఈ హాలుకి వచ్చినప్పుడు ఎంతసేపు ఉన్నారు?”

“అక్షింతలు వేసి వచ్చేశాను” అన్నారు కండక్టర్ గారు. మామ్మగారూ అదే మాట. మామ్మగారి సొంత మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి కూడా అంతేనట, భోజనం క్యారియర్‌లో ఇంటికొచ్చిందట. టైలరమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నా పక్కకి వంగి మెల్లగా చెప్పింది: “ఇక్కడికి రావాలంటే పొద్దున్నుంచి మంచినీళ్లు తాగనమ్మా. ఇంటికెళ్లాకే తాగుతా.” అప్పుడు మధ్యాహ్నం మూడు దాటింది. ఆ రోజు కూడా తాగలేదు.

నా నోటు పుస్తకంలో ర్యాంపు కోసం తెరిచిన పేజీ మూసేసి కొత్త పేజీలో ఒకే వాక్యం రాసుకున్నాను: ‘ఈ ఏడు ఇళ్లలో ప్రతి మనిషీ రెండు గంటలు ఉండగలగాలి’. పెళ్లి తంతుకీ, భోజనానికీ, ఒక మీటింగుకీ, ఒక తరగతికీ సుమారుగా పట్టేది అంతే. ఆ తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయాన్నీ దానితోనే తూచాం.

నాలుగు అడుగులు లేపాలా?

వరద భయంతో ఫ్లోరింగ్‌ని నాలుగు అడుగులు లేపాలన్నది కమిటీ ఆలోచన. ఆ ఏరియాలో కొత్తగా కడుతున్న ఇళ్లన్నీ అలాగే లేస్తున్నాయి. వాళ్ల భయం నాకు అర్థమైంది, ఫ్లైఓవర్ దగ్గర పడవల కోసం పడిగాపులు పడిన రోజులు ఎవరూ మర్చిపోలేదు. కానీ లెక్క చూడాలి. ర్యాంపు వాలు 1:12 కంటే నిటారుగా ఉండకూడదు. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. ఇప్పుడున్న ఎత్తు కలపకుండానే నాలుగు అడుగులకి నలభై ఎనిమిది, మధ్యలో ఆగడానికి చదును కలిపితే యాభై దాటుతుంది. చేతులతో చక్రాలు తిప్పుకునే మనిషికి అది చిన్న కొండ. ఇంతా చేసి, నాలుగు అడుగులు లేపితే పాత గీతకి సమానమవుతామంతే. ఈసారి వచ్చే నీరు ఆ గీత దగ్గరే ఆగుతుందని ఎవరు చెప్పగలరు?

రెండు మీటింగులు దీని మీదే వాదించుకున్నాం. చివరికి కమిటీలో ఉన్న ఎలక్ట్రీషియన్ దారి చూపించాడు. నీళ్లొస్తే లోపలికి రానిద్దాం, పాడయ్యేవాటిని పైకెక్కిద్దాం అన్నాడు. ఫ్లోరింగ్ పాత పద్నాలుగు అంగుళాల ఎత్తులోనే ఉంచాం. మెయిన్ బోర్డు, ఇన్వర్టర్, మోటారు స్టార్టర్ గీతకి పైకి వెళ్లాయి. బీరువాల కింద ఇనుప స్టాండ్లు వేశాం. ఒక చిక్కు వచ్చింది. కూర్చున్నవాళ్లకి అందాలంటే లైటు, ఫ్యాన్ స్విచ్‌లు 900 నుంచి 1200 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, అంటే సరిగ్గా నీరు వచ్చిన ఎత్తులో. ఆ కింది స్విచ్‌ల లైనంతా వేరే ఎంసీబీ (ఆ లైనుకి కరెంటు ఆపేసే మీట) మీదికి మార్చి, ఆ ఎంసీబీని పైన పెట్టాం. నీళ్లొస్తున్నాయంటే దాన్ని దించేస్తే చాలు. వరద ప్రాంతంలో పనిచేసేవాళ్లకి ఈ ఒక్క ఏర్పాటూ నేను గట్టిగా చెబుతాను. వరదనీ వీల్‌చైర్‌నీ ఒకదానికొకటి పోటీ పెట్టనక్కర్లేదు.

ఈ దశలోనే కమిటీలో ఒకరు “ఇది మన సొంత హాలు, గవర్నమెంటుది కాదు కదా, మనకీ రూల్స్ ఎందుకు?” అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో ప్రజలు వాడుకునే ప్రైవేటు భవనం కూడా పబ్లిక్ బిల్డింగు కిందికే వస్తుంది. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉంటే ఇందులో ఇరవై ఒకటి ఉన్నాయి. ఆటిజం, పార్కిన్సన్స్, తలసీమియా ఉన్నవాళ్లు కూడా వస్తారు. మా పని నడుస్తుండగానే 2024 నవంబర్ 8న, దివ్యాంగులకి అన్ని చోట్లూ అందుబాటులో ఉండాలని రాజీవ్ రతూరీ వేసిన కేసులో సుప్రీంకోర్టు, ఈ ప్రమాణాలు వీలైతే పాటించే సూచనల్లా ఉండటం చట్టానికి విరుద్ధమనీ, తప్పనిసరిగా పాటించాల్సినవి ఏవో విడిగా చెప్పాలనీ తీర్పునిచ్చింది. ఆ మీటింగులో దాన్ని చదివి వినిపించాను. కోర్టు మాట కంటే మామ్మగారి క్యారియర్ భోజనం సంగతే వాళ్లని ఎక్కువ కదిలించిందని నాకనిపించింది.

సిమెంటు బస్తా

మేస్త్రీ గట్టి పనివాడు, తన లెక్క మీద తనకి నమ్మకం. పద్నాలుగు అంగుళాలకి ఆరడుగుల ర్యాంపు చాలన్నాడు. ఊళ్లో ఎన్నో చోట్ల అలాగే కట్టాడు, స్కూటర్లు హాయిగా ఎక్కుతున్నాయి. నేను నోటితో వాదించలేదు. ఆరడుగుల చెక్కలు మెట్లకి ఆనించి, నేను తెచ్చిన వీల్‌చైర్‌లో యాభై కిలోల సిమెంటు బస్తా కూర్చోబెట్టి తోయమన్నాను.

వాచ్‌మన్ తోశాడు. సగం దూరం వెళ్లేసరికి ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. బస్తా వెనక్కి వాలింది, కుర్చీ మొత్తం వాచ్‌మన్ గుండెల మీదికి వచ్చింది. మేస్త్రీ పరిగెత్తుకెళ్లి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి కిందికి దించాక మేస్త్రీ చాలాసేపు ఆ బస్తా వైపే చూశాడు. “మా అన్న డెబ్బై కిలోలుంటాడు మేడం” అన్నాడు. పరంజా మీంచి పడి నడుము విరిగి ఆరేళ్లుగా మంచం మీదున్న అన్న. ఆ కుటుంబం ఆయన్ని ఇంటి గడప కూడా దాటించలేదు. మర్నాడు నేను వచ్చేసరికి మేస్త్రీ తనే దారం కట్టి పదిహేడున్నర అడుగులు కొలిచి సున్నంతో గీత గీసి ఉంచాడు.

పదిహేడున్నర ఎందుకంటే 1:15 వాలుకి వెళ్లాం. 1:12 నిబంధనకి సరిపోతుంది, కానీ మా కాలనీలో కుర్చీ తోసేవాళ్లు ఎక్కువగా యాభై దాటిన ఆడవాళ్లు. హాలు ముందు గోడ వెంబడి తిన్నగా వేసి, మెట్లు చేరే వరండాలోకే చేర్చాం. అందరూ ఒకే గుమ్మంలోంచి లోపలికి వస్తారు. పక్కసందులోంచి వంటవాళ్ల తలుపు దగ్గరికి తీసుకెళ్లే ర్యాంపులు చాలా చూశాను. కొలతలన్నీ సరిగ్గా ఉన్నా అలాంటి దారి మనిషిని చిన్నబుచ్చుతుంది.

వెడల్పు అయిదు అడుగులు పెట్టాం. మార్గదర్శకాల్లోని కొలతలు వీల్‌చైర్‌ని దృష్టిలో పెట్టుకున్నవి. మన ఊళ్లలో జనం బయటికొచ్చేది చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద, వెనక రెండు అదనపు చక్రాలు బిగించిన స్కూటీ మీద. అవి పొడవైనవి, ఉన్నచోట తిరగలేవు. మలుపున్న ర్యాంపు ఎక్కలేక బండి కిందే వదిలేసి చేతుల మీద పాక్కుంటూ వచ్చేవాళ్లని నేను చూశాను. టైలరమ్మ భర్త అలా రావడానికి ఇష్టపడక, ఆవిడ లోపల ఉన్నంతసేపూ గేటు బయటే ఉండిపోయేవాడు. ర్యాంపు పైన వరండాలో బండి ఆపుకునే చోటు, దాని పక్కనే అదే ఎత్తు సీటున్న ఒక వీల్‌చైర్ ఎప్పుడూ ఉండేలా చేశాం. టైర్లు గాలి కొట్టేవి కాకుండా గట్టి రబ్బరువి. గాలి దిగిపోయిన వీల్‌చైర్ మూలన పడి ఉండటం ఏ ఆసుపత్రికి వెళ్లినా కనిపిస్తుంది.

మేస్త్రీ ఒక పొరపాటు చేశాడు, అది నేను ముందే చెప్పాల్సింది. స్కూటర్ ర్యాంపుల అలవాటులో కాంక్రీటు పచ్చిగా ఉండగానే అడ్డంగా లోతైన గాళ్లు లాగాడు. టైలరమ్మ ఎక్కి చూస్తే క్యాలిపర్ మడమ గాడిలో ఇరుక్కుంది. పైపొర చెక్కించి, కొబ్బరి చీపురుతో సన్నగా గీతలు గీయించాం. వానలో జారదు, చక్రం ఎగరదు, ఖర్చు కూడా లేదు.

పట్టుకునే కడ్డీలు రెండు ఎత్తుల్లో, 900 మిల్లీమీటర్ల దగ్గర ఒకటి, 760 దగ్గర ఒకటి, వాలు అయిపోయాక కూడా అడుగు దూరం ముందుకి వచ్చేలా వేశాం. స్టీలు మెరుస్తూ బాగానే ఉంది. ఏప్రిల్ రెండోవారంలో కండక్టర్ గారు కుడిచెయ్యి వేసి అమ్మో అని తీసేశారు. బెజవాడ ఎండలో ఆరుబయట స్టీలు పైపు అట్లకాడే. “అమ్మాయ్, బస్సులో కడ్డీలకి ప్లాస్టిక్ తొడుగు వేస్తారు కదా, అది వేయించరాదూ?” అన్నారు. బస్సుల బాడీలు కట్టే ఆటోనగర్ మనకి అయిదారు కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి షెడ్డులో తొడుగు కొలిచి తెచ్చుకున్నాం, ర్యాంపు పొడవునా నీడకి రేకు కూడా అక్కడే చేయించాం. ముప్పై ఏళ్లు నిలబడి టికెట్లు కొట్టిన మనిషికి చెయ్యి దేన్ని పట్టుకుంటే నిలుస్తుందో నాకంటే బాగా తెలుసు.

టాయిలెట్

మొత్తం ఖర్చులో సగానికి పైగా ఇక్కడే అయింది. నాకు మళ్లీ ఇదే డబ్బు ఇచ్చి ఒక్కటే కట్టమంటే ఇదే కడతాను.

పాతవి రెండు, రెండడుగుల తలుపులు, నేల మీద కూర్చునే బేసిన్లు. వాటిని అలాగే ఉంచి, షామియానా సామాను పెట్టుకునే గదిని కొత్త టాయిలెట్‌గా మార్చాం. లోపల వీల్‌చైర్ గుండ్రంగా తిరగడానికి అయిదు అడుగుల ఖాళీ, తలుపు తీశాక 900 మిల్లీమీటర్ల దారి, తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకుంటే, లోపల మనిషి పడిపోతే ఆ మనిషి ఒళ్లే తలుపుకి అడ్డం. కమోడ్ సీటు నేల నుంచి 450, 480 మధ్య. కుర్చీ ఆనించుకుని పక్కకి జరగడానికి ఒక వైపు ఖాళీ.

గోడకి బిగించే పట్టుకమ్ములు మొదట ప్లంబరు టైల్స్ అంచులు ఎక్కడ కలిస్తే అక్కడ, మామూలు స్క్రూలతో బిగించాడు. నేను రెండు చేతులతో పట్టుకుని నా బరువంతా వేసి వేలాడాను. పైదాని స్క్రూ ఊడి టైల్ పగిలింది. ఎవరి టాయిలెట్ చూడటానికి వెళ్లినా ముందు ఇదే చేయండి, కమ్మి ఉందా అని చూసి సంతకం పెట్టకండి. తర్వాత ఇటుకలోకి లోతుగా దిగే యాంకర్ బోల్టులు వేశాం.

ఏ పుస్తకంలోనూ నాకు కనిపించని సంగతి ఒకటి కండక్టర్ గారి భార్య చెప్పారు. కడుక్కునే హ్యాండ్ షవర్ ఎక్కడ పెడతారు? మామూలుగా కుడి పక్కన. కుడిచేత్తో పట్టుకుని ఎడమచేత్తో కడుక్కుంటాం. ఎడమ పక్క పడిపోయినవాళ్లు ఏం చెయ్యాలి? కుడిచేతికి ఆ పని నేర్పడానికి మనసు ఒప్పుకోవడమే వాళ్లకి ఒక యుద్ధం, ఇక ఒక్క చేత్తో షవర్ పట్టుకుని అదే చేత్తో ఎలా కడుక్కుంటారు? పక్షవాతం వచ్చిన రోగులతో ఇన్నేళ్లు పనిచేసి కూడా నేను దీన్ని ఇంటి టాయిలెట్ల వరకే ఆలోచించాను, నలుగురూ వాడే చోట ఆలోచించలేదు. రెండు పక్కలా హ్యాండ్ షవర్లు పెట్టి, వాటితోపాటు సీటుకే బిగించిన నీటి జెట్ కూడా పెట్టాం. దాన్ని ఒక్క వేలితో తిప్పొచ్చు. మోచేత్తో నొక్కే కుళాయి, గుప్పిట బిగించలేని చెయ్యి కూడా జరపగలిగే పెద్ద గడియ, నేల మీద పడ్డా అందేలా కిందిదాకా వేలాడే బెల్లు తాడు పెట్టించాం.

పదహారేళ్ల అమ్మాయి వాళ్లమ్మ మొదటి సమావేశంలో ఏమీ అడగలేదు. టాయిలెట్ పని జరుగుతుండగా ఒకరోజు వచ్చి గుమ్మంలో నిలబడి చూసి, “దీనికి డైపర్ మార్చాలంటే ఎక్కడ పడుకోబెట్టాలి మేడం?” అంది. ఇన్నాళ్లూ ఫంక్షన్లకి వస్తే ఆటోలో వెనక సీటు మీద, చీర అడ్డం పట్టుకుని మార్చేదట. పదహారేళ్ల ఆడపిల్లకి. ఆటోనగర్ షెడ్డులోనే ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు బల్ల చేయించి, రెక్సిన్ దిండు బిగించి, గోడ వారన వేశాం. వీల్‌చైర్ సీటు ఎత్తుకి సమానంగా ఉంటుంది, తల్లి నడుము మీద భారం పడకుండా పిల్లని పక్కకి జరపొచ్చు. పసిపిల్లలకి డైపర్ మార్చే బల్లలు మాల్స్‌లో ఉంటాయి, పెరిగిన పిల్లల తల్లుల కోసం ఏ పెళ్లిమండపంలోనూ నేను చూడలేదు. ఆ గది మగ, ఆడ తేడా లేకుండా ఉంచాం, ఎందుకంటే భర్తకి భార్య, తండ్రికి కూతురు తోడు వెళ్లాలి.

చెప్పులు, చప్పుళ్లు, వాట్సాప్

గుమ్మం పక్కన ‘చెప్పులు బయట విడువవలెను’ అని బోర్డు ఉండేది. లోపల పూజలు జరుగుతాయి కాబట్టి అది సబబే. క్యాలిపర్‌కి బూటు అతికే ఉంటుంది. అది విడవాలంటే పట్టీలన్నీ విప్పాలి, విప్పాక నడవలేరు. టైలరమ్మని ప్రతిసారీ ఎవరో ఒకరు ఆపేవారు. కొత్త బోర్డు ఆవిడ చెప్పినట్టే రాయించాం: ‘చెప్పులు ఇక్కడ విడవండి. క్యాలిపర్, కృత్రిమ కాలు, వీల్‌చైర్ ఉన్నవారు తడిగుడ్డతో తుడుచుకుని రండి’. పక్కనే తడి పట్టా. చెప్పులకి గోడ వారగా అరలు కట్టించాం, లేకపోతే కుప్ప అంతా ర్యాంపు నోటి దగ్గరే పడేది.

చూపు లేని కుర్రాడి విషయంలో మేము పొరపడి దిద్దుకున్నాం. నేను రెండు రోజులు ఊళ్లో లేని సమయంలో టైల్స్ మనిషి చుక్కల పలకలు, గీతల పలకలు కలిపి ముగ్గులా అందంగా పరిచేశాడు. కుర్రాడు కర్రతో ఆ గీత పట్టుకుని నడిచి స్తంభం ముందు ఆగాడు. “అక్కా, ఇది నన్ను స్తంభంలోకి తీసుకెళ్తోంది” అన్నాడు. గీతలంటే ‘ఇటు నడువు’, చుక్కలంటే ‘ఆగు, ముందు ఏదో ఉంది’. అది రాత లాంటిది, తప్పు రాస్తే తప్పే చదువుతారు. అన్నీ తీయించి, గేటు నుంచి గుమ్మం దాకా ఒక్క గీత, మెట్లకీ ర్యాంపుకీ అడుగు ముందు చుక్కలు మాత్రం ఉంచాం. చిన్న హాలుకి అంతే చాలన్నాడు. తను అసలు అడిగింది వేరే. కమిటీ వాట్సాప్‌లో పెట్టే ఆహ్వానాలన్నీ బొమ్మలు, తన ఫోన్ వాటిని చదివి వినిపించదు. బొమ్మ కింద అదే విషయం తెలుగులో టైప్ చేసి పెట్టమన్నాడు. ఆ రోజు సాయంత్రం నుంచే మొదలైంది.

వినపడని దంపతులు హాలు బుక్ చేసుకోవాలంటే ఇన్నాళ్లూ ఫోన్ నంబరు ఒక్కటే దారి. అదే నంబరుకి మెసేజ్ కూడా పంపవచ్చని బోర్డు మీద రాశాం. వాళ్లు ఇంకో మాట చెప్పారు: స్టేజి వెనక కిటికీ ఉండటం వల్ల మాట్లాడేవాళ్ల ముఖం నల్లగా కనిపిస్తుంది, పెదాలు ఆనవు. ఆ కిటికీకి మందపు తెర, స్టేజి ముందు ఒక లైటు పెట్టాం. కాలనీ మీటింగులకి సైగల భాష తెలిసిన దుభాషిని పిలవడం మొదలుపెట్టాం, కానీ ప్రతిసారీ దొరకడం లేదు. దొరకనప్పుడు వాళ్ల కూతురి మీద ఆ బరువు వేయకూడదని కమిటీతో గట్టిగా చెప్పాను. ఆ పాప పదేళ్లది, పెద్దల ఆస్తి పన్ను చర్చలు అనువదించడం దాని పని కాదు. అలాంటి రోజు ఒకరు బోర్డు మీద ముఖ్యమైన మాటలు రాస్తూ ఉంటారు.

రేకు కప్పు, నున్నటి టైల్స్, ఖాళీ గోడలు కావడంతో మాట మాట మీద పడి హాలంతా గింగురుమనేది. వినికిడి మిషన్ పెట్టుకున్నవాళ్లకీ, ఆటిజం ఉన్న బాబుకీ అది నరకం. బాబు రెండు చేతులతో చెవులు మూసుకుని బల్ల కిందికి దూరేవాడు, చుట్టూ ఉన్నవాళ్లు తల్లిని చూసేవారు. రేకు కింద చప్పుడు పీల్చే సీలింగు, గోడలకి మందపు తెరలు వేశాం. పాత ఆఫీసు గదిలో మెరుపు లైట్లు తీసేసి, చాప, దిండ్లు, మసక వెలుతురు పెట్టాం. పిల్లలే దానికి చల్లగది అని పేరు పెట్టారు. ఫంక్షన్ మధ్యలో పసిపిల్లలకి పాలిచ్చే తల్లులు, తల నొప్పి వచ్చిన పెద్దవాళ్లు కూడా అందులోకే వెళ్తున్నారు. వినాయక చవితికి మొదటి గంట మైకు లేకుండా పూజ పెట్టారు. బాబు ఉండ్రాళ్లు తిని, వాళ్లమ్మ పక్కన కూర్చుని గణపతి తొండం వంకే చూస్తూ నలభై నిమిషాలు ఉన్నాడు. రెండు గంటలు కాలేదు. నా పుస్తకంలో నలభై అనే రాసుకున్నాను.

తెరిచాక

ప్రారంభమైన రెండో వారంలోనే ర్యాంపు మీద పెళ్లివారి జనరేటర్, టాయిలెట్‌లో పూల బుట్టలు. కట్టడం కంటే ఖాళీగా ఉంచడం కష్టం. కమిటీ బుకింగ్ ఫారంలో ఒక షరతు చేర్చింది: ర్యాంపు, టాయిలెట్, చల్లగది దేనికి అడ్డం పెట్టినా డిపాజిట్ తిరిగి రాదు. ఒకరి డిపాజిట్ నిజంగానే ఆపేశాక పరిస్థితి మారింది. టాయిలెట్ తలుపుకి బయటి తాళం వేసే కొక్కెం కూడా తీయించేశాను. తాళం ఉంటే తాళంచెవి పట్టుకున్న మనిషి ఎప్పుడూ భోజనానికి వెళ్లే ఉంటాడు.

వాచ్‌మన్ గురించి రాయకపోతే ఈ కేసు సగమే. మంచి మనసు, బలమైన చేతులు. వీల్‌చైర్ కనిపిస్తే చాలు పరుగున వెళ్లి మనిషితో సహా ఎత్తేసేవాడు. కండక్టర్ గారిని ఒకసారి పడిపోయిన భుజం కింద చెయ్యి వేసి లేపితే ఆయన విలవిల్లాడారు. ఆ భుజం కీలు వదులై ఉంటుంది, లాగితే జారుతుంది. వాచ్‌మన్‌తో మూడు సాయంత్రాలు కూర్చున్నాను. ముందు ఎదురుగా నిలబడి ‘ఎలా పట్టుకోమంటారు?’ అని అడగాలి, చూపు లేనివాళ్లకి చెయ్యి పట్టి లాగకుండా తన మోచెయ్యి అందించాలి. ఇప్పుడు కొత్త కేటరింగ్ కుర్రాళ్లకి అతనే నేర్పుతున్నాడు. వడ్డించేటప్పుడు చూపు లేని కుర్రాడి విస్తరిలో ఏది ఎక్కడుందో చెప్పాలని, అడ్డు కమ్మీ లేని బల్లలు రెండు వీల్‌చైర్ల కోసం బంతి చివర వేయాలని.

కార్తీక మాసం వనభోజనాలు వానొచ్చి హాల్లోనే జరిగాయి. మామ్మగారు మూడు గంటలున్నారు. టైలరమ్మ వారానికి రెండు రోజులు అక్కడ కుట్టు నేర్పుతోంది, తొక్కే మిషన్ కాకుండా మోటారుది. ఆవిడ బల్ల మీద కత్తెర పక్కన నీళ్ల సీసా ఉంటుంది.

వరద సంగతి కూడా హాలుకే చేరింది. ఏ ఇంట్లో ఎవరిని ఎత్తుకుని తీసుకెళ్లాలి, ఎవరికి పిలుపు వినపడదు, ఎవరికి ఆక్సిజన్ మిషన్ ఉంది అని వాళ్ల అనుమతితో ఒక పట్టిక రాసి, ఒక ప్రతి వార్డు సచివాలయంలో ఇచ్చాం. విపత్తుల కోసం ఇలాంటి వివరాలు జిల్లా స్థాయిలో ఉండాలని 2016 చట్టమే చెబుతోంది. ఆ సెప్టెంబర్‌లో కండక్టర్ గారిని నవారు మంచంతో సహా పడవలోకి ఎక్కించడానికి పొద్దుణ్నుంచి సాయంత్రం పట్టింది. అందుకని జూన్ రాకముందే పట్టిక సరిచూడాలని కమిటీ పుస్తకంలో రాయించాను.

మిగిలిపోయింది గేటు బయట. ఆటో ఆగే చోటుకీ గేటుకీ మధ్య సైడు కాలువ ఉంది, దాని మీది రెండు పలకల మధ్య అయిదు అంగుళాల సందు. వీల్‌చైర్ ముందు చక్రం సరిగ్గా అందులో పడుతుంది. అది కమిటీ స్థలం కాదు, అర్జీ పెట్టాం, ఇంకా పలక మారలేదు. ప్రస్తుతానికి వాచ్‌మన్ ఒక టేకు చెక్క వేస్తున్నాడు. రాత్రి దొంగలెత్తుకుపోతారని తీసి లోపల పెట్టుకుని, పొద్దున్నే ఆరింటికి మళ్లీ వేస్తాడు.